అక్కని ‘అత్త’ అనే పిల్లవాడు

గాజువాక నుంచి ఒక తల్లి అడిగారు: “మా బాబుకి నాలుగేళ్ళు నిండాయి. గాజువాకని ‘దాజువాత’ అంటాడు, కైలాసగిరిని ‘తైలాసదిరి’ అంటాడు. వాళ్ళక్కని ‘అత్తా’ అని పిలుస్తుంటే ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. మా అత్తగారేమో ఆడికి నాలిక మందం, వస రాయండి అంటారు. ఎదురింటావిడ నాలుక కింద పొర కోయించమంటుంది. స్పీచ్ థెరపీ అంటే నాలుకకి ఎక్సర్‌సైజులేనా?”

ఇది చదవగానే నాకు ముచ్చటేసింది, ఆ తప్పుల్లో ఉన్న పద్ధతి చూసి. ఆ బాబుని మద్దిలపాలెం అనమనండి, పెందుర్తి అనమనండి, శుభ్రంగా అంటాడు. జగదాంబ మాత్రం ‘జదదాంబ’ అవుతుంది, అక్కయ్యపాలెం ‘అత్తయ్యపాలెం’ అవుతుంది. నేను వాణ్ణి చూడకుండానే ఈ మాట చెప్పగలను. ఎందుకంటే క ఉన్నచోటల్లా త వస్తోంది, గ ఉన్నచోటల్లా ద వస్తోంది. క బదులు ద రావడం లేదు, గ బదులు త రావడం లేదు. అంటే గొంతులో నాదం (గ, ద పలికేటప్పుడు ఉండి, క, తలకి లేని ఆ అదురు) ఉందా లేదా అన్న తేడాని వాడు జాగ్రత్తగా కాపాడుతున్నాడు. మారుతున్నది నాలుక తగిలే చోటు ఒక్కటే.

మన వర్ణమాల పేర్చిందే ఆ చోటుని బట్టి. క-వర్గం కంఠ్యాలు: నాలుక వెనక భాగం లేచి మెత్తటి అంగిలికి తగిలి గాలిని మూస్తుంది. త-వర్గం దంత్యాలు: నాలుక కొన పళ్ళ వెనక తగిలి గాలిని మూస్తుంది. ఎల్‌కేజీలో ఈ అక్షరాలు వందసార్లు దిద్దిస్తారు గానీ, ఆ వరస ఎందుకలా ఉందో పదో తరగతి దాకా ఎవరూ చెప్పరు. ఈ పిల్లవాడు కంఠ్యాలన్నిటినీ దంత్యాలుగా మార్చేస్తున్నాడు. చిన్నపిల్లల్లో ఇది చాలా మామూలు. ఇంగ్లీషు పిల్లల మీద జరిగిన పరిశీలనల ప్రకారం సాధారణంగా మూడున్నరేళ్ళ లోపు దానంతటదే పోతుంది. నాలుగు దాటినా ఉందంటే థెరపిస్టుకి చూపించడం మంచిది.

ఇక నాలుక మందం సంగతి. ఈ బాబు కూడా మూడో నెలలో ‘ఉంగా ఉంగా’ అనే ఉంటాడు. ఆ ‘గా’ ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలుక వెనక భాగం నుంచే. అప్పుడు లేవగలిగిన నాలుక ఇప్పుడు మందమైపోదు కదా. పొర కోయించడం మరీ విడ్డూరం. నాలుక కింది పొర బిగుసుకుంటే ఇబ్బంది పడేది నాలుక కొన. వీడు అవసరం లేనిచోట కూడా వాడుతున్నది ఆ కొననే! వస విషయంలో నాకు కొంచెం కోపమే ఉంది. వాగుడుకాయని ‘వసపిట్ట’ అనడం బాగానే ఉంది గానీ, వసకొమ్ములో బీటా-ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. ప్రయోగశాల జంతువుల్లో అది క్యాన్సర్ కలిగించింది. అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో కలపకుండా నిషేధించారు. పసివాళ్ళ నాలుక మీద అది అక్కర్లేదు.

మరి లోపం ఎక్కడ? 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ముచ్చట రాశారు. ఒక పిల్లవాడు తన చేప బొమ్మని ‘ఫిష్’ అనలేక ‘ఫిస్’ అనేవాడు. పెద్దాయన “ఇది నీ ఫిసా?” అంటే కాదని మొండికేశాడు. “నీ ఫిషా?” అంటే “అవును, నా ఫిస్” అన్నాడు. గాజువాకలోనూ ఇదే చేసి చూడవచ్చు. “మీ అత్త పిలుస్తోంది” అని అక్కని చూపిస్తే, చాలామంది పిల్లలు “అత్త కాదు, అత్త!” అని మీ మీదే విసుక్కుంటారు.

అంటే వినేటప్పుడు క, త వేరువేరుగానే వినిపిస్తున్నాయి. పలికేటప్పుడే ఒకటైపోతున్నాయి. పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర వేరువేరు గిన్నెల్లోనే ఉన్నాయి, తీసే చెయ్యి మాత్రం ఎప్పుడూ ఆవాల గిన్నెలోకే పోతోంది. తమాషా ఏమిటంటే, ఒక్కోసారి పిల్లలు ఎంతో కొంత తేడా పలుకుతూనే ఉంటారు, మన చెవికే అందదు. 1980లో మాకెన్, బార్టన్ అనే పరిశోధకులు ఇంగ్లీషు నేర్చుకునే పసివాళ్ళ మాటలు రికార్డు చేసి కొలిచారు. మూసిన గాలిని వదిలాక నాదం మొదలవడానికి పట్టే వ్యవధి, మిల్లీసెకన్లలో. పెద్దలకి ఒకేలా వినిపించిన శబ్దాల మధ్య కూడా కొందరి విషయంలో కచ్చితమైన తేడా దొరికింది. వాళ్ళు కొలిచింది నాదం తేడాని. క-త మార్పులోనూ ఇలాంటి దాగిన తేడాలు తర్వాత దొరికాయి.

కాబట్టి ఊదించడం, నాలుక చాపించడం లాంటి కసరత్తులతో ఇది బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. థెరపిస్టు చేసే పని వేరు. బల్ల మీద రెండు బొమ్మలు పెడతారు: నక్క, నత్త. “నీకేది కావాలో అడుగు” అంటారు. వాడు నక్క మీద కన్నేసి “నత్త” అంటాడు. థెరపిస్టు నవ్వుతూ నత్తనే చేతిలో పెడతారు. వాడు బొమ్మకేసి, ఆవిడకేసి చూస్తాడు. “ఇది కాదు!” మళ్ళీ “నత్త”, మళ్ళీ నత్తే. ఆ తికమకలోనే ఉంది వైద్యం. తన మాట తను అనుకున్న పని చెయ్యడం లేదని వాడికే తెలియాలి. క్లాసులో నిలబెట్టి పదిసార్లు “కాకి అను” అంటే అది తెలియదు, సిగ్గు మాత్రం మిగులుతుంది. మన భాషలో ఇలాంటి జతలకి కొదవలేదు: కోట-తోట, మేక-మేత. ఈ ఇంట్లో ఫొటోలు పెడితే చాలు, అక్క-అత్త సిద్ధంగా ఉన్నాయి.

అసలు క ఒక్కసారి కూడా పలకలేకపోతే దాన్ని ముందు రప్పించాలి. ‘కీ’ అని, తర్వాత ‘కూ’ అని చూడండి. ‘కూ’కి నాలుక ఇంకా వెనక్కి తగులుతుంది. అందుకే ‘కూ’ నుంచి మొదలుపెడితే సులువు, రైలాట దానికి బాగా పనికొస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి పలికించడం ఇంకో ఉపాయం, నాలుక బరువుకి వెనక్కి జారుతుంది. చెంచాలాంటి పరికరంతో కొనని కిందికి అదిమి ‘త’ అనమంటే కూడా ‘క’ వస్తుంది. అది థెరపిస్టు చెయ్యాల్సిన పని, ఇంట్లో చెయ్యకండి.

వీటన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష. చెవి లోపల, కర్ణభేరి వెనక నీరు చేరినా మాట తేడా చేస్తుంది. మరీ చిన్నపిల్లలకి నిద్రలోనే చేసే బెరా పరీక్ష ఉంది. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి పెదవాల్తేరులోనే ఉంది, అక్కడ అడగండి. థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి థెరపిస్టులని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కోండి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపని పిల్లలు, పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లలు, వచ్చిన మాటలు పోగొట్టుకున్న పిల్లలు వేరే కథ. వాళ్ళని “నాన్న పోలిక, ఆలస్యంగా వస్తాయిలే” అని వదిలెయ్యకుండా వెంటనే చూపించాలి.

ఇంకొక్క మాట. క వచ్చిన కొత్తలో కొందరు పిల్లలు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. తాతయ్య కొన్నాళ్ళు ‘కాకయ్య’ అవుతాడు. టెన్షన్ పడకండి. రెండో గిన్నె దొరికిందని లెక్క, ఇక ఏది ఎందులో వెయ్యాలో వాడే సర్దుకుంటాడు.