32, 64: లినక్స్ కెర్నల్‌లో రెండు డైరెక్టరీలు ఒకటైన కథ

2025 ఆగస్టులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన డెబియన్ 13వ వెర్షన్ విడుదలైంది. అందులో పాత 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కూడా లేదు. డెబియన్ లాంటిదే అయిన ఉబుంటు 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ ఇమేజ్‌లు ఆపేసింది. ఇంకో లినక్స్ ఫెడోరా 2019లో 32 బిట్ కెర్నల్ మానేసింది. ఇక డెబియనే దిక్కు అనుకున్నవాళ్లకు ఇప్పుడు ఆ దిక్కూ పోయింది. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే ఒక కుర్రాడి దగ్గర ఆటమ్ ఎన్270 చిప్పున్న నెట్‌బుక్‌లు ఇంకా ఉన్నాయి. ఆ చిప్పుకు 64 బిట్ రాదు. డెబియన్ సంగతి తెలిశాక అతను అడిగింది ఒక్కటే: "కెర్నల్లో 32 బిట్ కోడ్ ఇంకా ఉండాదంటారు గదన్నా, మరి వీళ్లకేమొచ్చింది?"

ఉన్న మాట నిజమే. కెర్నల్ సోర్సులో ఆర్చ్ అనే డైరెక్టరీ (ఫోల్డర్) ఉంటుంది. దాని కింద ఎక్స్86 అనే చోట, అంటే ఇంటెల్, ఏఎండీ పీసీ చిప్పుల కోసం ఉన్న చోట, 32 బిట్ కోడూ 64 బిట్ కోడూ పక్కపక్కనే ఉన్నాయి. మొదట్నుంచీ అలా లేవు. 2007 దాకా వాటివి వేర్వేరు డైరెక్టరీలు. కలపాలా వద్దా అని అప్పట్లో కెర్నల్ పెద్దల మధ్య గట్టి వాదనే నడిచింది. కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ తన కొత్త కెర్నల్ గురించి లోకానికి చెప్పినప్పుడు, ఇది వేరే యంత్రాల మీద నడవదని, ఇంటెల్ 386 చిప్పు టాస్క్ స్విచింగ్‌ను నమ్ముకుని రాశానని చెప్పుకున్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ మాట పాతబడింది. డిజిటల్ కంపెనీలో పనిచేసే జాన్ హాల్ ఆయనకొక ఆల్ఫా ప్రాసెసర్ మెషీన్ ఇప్పించారు. 1995 మార్చిలో 1.2 వచ్చేసరికి ఆల్ఫా, మిప్స్, స్పార్క్ అనే వేరే రకం ప్రాసెసర్లు మూడూ లినక్స్‌లో చేరాయి. ప్రాసెసర్‌ను బట్టి మారే కోడంతా ఆర్చ్ కింద ఎవరి డైరెక్టరీలో వాళ్లకు సర్దారు. ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్, షెడ్యూలర్ లాంటివన్నీ అందరికీ ఉమ్మడి. ఆల్ఫాకూ 386కూ ఏ పోలికా లేదు కాబట్టి ఎవరి కోడ్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం కష్టం కాలేదు. చిక్కంతా దగ్గరి చుట్టాలతోనే.

1999 అక్టోబర్‌లో ఏఎండీ కంపెనీ, 386 వంశాన్నే 64 బిట్‌కు పొడిగిస్తామని ప్రకటించింది. ఇంటెల్ అప్పటికి ఐటానియం అంటూ పూర్తిగా వేరే దారి పట్టి ఉంది. ఏఎండీ 2000లో స్పెసిఫికేషన్ బయటపెట్టింది. చిప్ మాత్రం 2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఈలోగా జర్మనీలోని సుసే కంపెనీలో ఆండీ క్లీన్, ఆయన తోటివాళ్లు సిమ్యులేటర్ మీదే కెర్నల్‌ను నడిపించారు. చిప్ ఇంకా అమ్మకానికి రాకముందే, 2002లో, ఆ కోడ్ 2.5 కెర్నల్‌లోకి వెళ్లిపోయింది. పద్ధతి చాలా సులువు. 32 బిట్ పీసీల కోడున్న ఐ386 డైరెక్టరీలోది తీసుకుని, ఎక్స్86-64 అని పక్కన కొత్తది తెరిచి, అక్కర్లేనివి కోసేశారు.

ఆరోజుకు అది తెలివైన పనేనంటాను. ఐ386 డైరెక్టరీ అప్పటికే పాత సామాన్ల కొట్టులా తయారైంది. ఎన్‌సీఆర్ వాళ్ల వాయేజర్ మెషీన్ల కోడ్, ఎస్‌జీఐ విజువల్ వర్క్‌స్టేషన్ల కోడ్, పాత చిప్పుల తప్పులను దాటవేసే చిట్కాలు, అన్నీ అందులోనే. 64 బిట్ మోడ్ వచ్చేసరికి రిజిస్టర్లు 8 నుంచి 16 అయ్యాయి, సెగ్మెంట్లు చాలావరకు పోయాయి, పాత డాస్ ప్రోగ్రాముల కోసం ఉన్న వర్చువల్ 8086 మోడ్ అసలే లేదు. మెమరీ చిరునామాలు చూసుకునే పేజీ టేబుల్ 4 అంతస్తులకు పెరిగింది. ఇన్ని మారినప్పుడు పాతదాన్ని చెడగొట్టకుండా కొత్తగా మొదలుపెట్టడమే మేలు.

ప్రాసెసర్ లోపల ఇంత మారినా బయట ఏమీ మారలేదు. అదే బయోస్, అదే ఏసీపీఐ, అదే పీసీఐ, అవే ఇంటరప్ట్ కంట్రోలర్లు, అవే మదర్‌బోర్డులు. 2004లో ఇంటెల్ కూడా ఏఎండీ దారికే వచ్చాక, మెల్లగా చాలావరకు కొత్త పీసీలు రెండు రకాల కెర్నల్‌నూ నడపగలిగేవి. మా వైపు అన్నదమ్ములు చేను పంచుకున్నా బావిని పంచుకోరు, నీళ్లకు వంతులేసుకుంటారు. ఇక్కడ ఆ వంతులు ఎలా నడిచాయో చూడాలంటే అప్పటి ఎక్స్86-64 మేక్‌ఫైల్, అంటే ఏ ఏ ఫైళ్లతో కెర్నల్ తయారుచేయాలో చెప్పే ఫైలు, తెరవాలి. అందులో కొన్ని లైన్లు రెండు మెట్లు పైకెక్కి, పక్కనున్న ఐ386 డైరెక్టరీలోకి దిగి, అక్కడి ఫైళ్లను తెచ్చుకునేవి. సీపీయూఐడీ కోడ్, మైక్రోకోడ్ లోడర్ లాంటివి అలా వచ్చినవే. ఐ386లో ఆ ఫైలును దిద్దే మనిషికి, దీన్ని పక్కవాళ్లు కూడా వాడుతున్నారన్న సంగతి ఫైలు చూస్తే తెలియదు. ఇక కాపీ చేసుకున్న ఫైళ్లది ఇంకో బాధ. ఒకవైపు బగ్ పోతుంది, రెండోవైపు అలాగే ఉంటుంది.

2007 జూలైలో కెర్నల్ డెవలపర్లు థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ ఈ రెండు డైరెక్టరీలనూ ఒక్కటి చేద్దామని ప్రతిపాదన పెట్టారు. ఆండీ క్లీన్ ఒప్పుకోలేదు. అప్పటికి రెండింటి బాధ్యతా ఆయన మీదే ఉంది. 64 బిట్ కోడ్ శుభ్రంగా ఉంది, కలిపితే పాత హార్డ్‌వేర్ దరిద్రమంతా అందులోకి వస్తుంది, 32 బిట్‌ను దాని మానాన ముసలిది కానివ్వండి అన్నది ఆయన వాదం. కొట్టిపారేయదగ్గ వాదం కాదది. కలిపిన కోడ్ చదివిన ఎవరికైనా ఇది 32కా 64కా అని అడుగడుగునా షరతులు తగులుతుంటే ఆయన మాట గుర్తుకొస్తుంది. కానీ సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జరిగిన కెర్నల్ సమావేశంలో మొగ్గు కలపడం వైపే వచ్చింది. 2008 జనవరి 24న విడుదలైన 2.6.24లో ఎక్స్86 ఒకే డైరెక్టరీ. తర్వాత దాని బాధ్యత గ్లైక్స్‌నర్, మోల్నార్, పీటర్ ఆన్విన్ ముగ్గురూ తీసుకున్నారు.

కలిపిన తీరు చెప్పుకోదగ్గది. మొదటి అడుగులో కోడ్ జోలికి పోలేదు, ఫైళ్ల చోటు మాత్రం మార్చారు. రెండు చోట్లా ఒకే పేరున్న ఫైళ్లకు చివర _32, _64 తగిలించారు. ప్రాసెస్_32.సి, దాని కిందే ప్రాసెస్_64.సి. బయటివాళ్లకు ఇది వట్టి షోకులా కనిపిస్తుంది. ఉమ్మడి పేరు పెట్టి రెండూ అలాగే ఉంచితే ఒరిగిందేమిటి? ఒరిగింది ఒకటుంది. ఒకదాన్ని దిద్దడానికి వచ్చినవాడికి రెండోది కళ్లెదుటే ఉంటుంది, "నాకు తెలియదు" అనడానికి వీల్లేదు. ఆ తర్వాత తీరిగ్గా ఒక్కో జతనూ పోల్చి చూసి, సెటప్_32, సెటప్_64 రెండూ ఒకే సెటప్.సి అయ్యేలా దగ్గరకు తెచ్చారు.

అన్నీ కలవలేదు, కలవవు కూడా. బూట్ అయ్యేటప్పుడు మొదట నడిచే హెడ్ ఫైళ్లు, కెర్నల్‌లోకి అడుగుపెట్టే ఎంట్రీ ఫైళ్లు నేటికీ రెండేసి ఉన్నాయి. అసెంబ్లీ నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలు తరచూ బోల్తా పడేది ఇక్కడే. ప్రోగ్రాములు కెర్నల్‌ను ఏ పని ఏ నంబరుతో అడగాలో చెప్పే సిస్టమ్ కాల్ పట్టికలు కూడా రెండున్నాయి, అందులో 1వ నంబరు 32 బిట్‌లో ఎగ్జిట్ (ప్రోగ్రాము ముగించడం), 64 బిట్‌లో రైట్ (రాయడం). పాత పుస్తకం చూసి స్క్రీన్ మీద పేరు అచ్చు వేయబోయి 4 అనే నంబరు ఇస్తే 32 బిట్‌లో పేరు పడుతుంది. 64 బిట్ పద్ధతిలో అదే 4 ఇస్తే కెర్నల్ దాన్ని ఫైలు వివరాలు అడిగే స్టాట్ అనుకుంటుంది. "ఈడ రెండు పట్టికలుండాయి సార్, యాది చూడాల?" అని ల్యాబులో పిల్లలు అడిగారంటే తప్పు వాళ్లది కాదు.

కలపడం వల్ల పాతదానికి ఆయుష్షు పెరిగిందా, తగ్గిందా? రెండూ జరిగాయి. ఉమ్మడి ఫైళ్లలో చేసిన ప్రతి దిద్దుబాటూ 32 బిట్‌కు ఊరికే అందింది. అదే సమయంలో పాత చిప్పుల బరువు ఎంతో అందరికీ కనపడింది. 386లో కంపేర్ అండ్ ఎక్స్‌చేంజ్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేదు. రాయకూడని పేజీలో కెర్నలే రాయబోతే ఆపే శక్తి కూడా దానికి లేదు. ఈ రెండు లోటుల కోసం ప్రత్యేకంగా కోడ్ మోస్తూ రావాల్సి వచ్చింది. 2012 డిసెంబర్‌లో మోల్నార్ 386 మద్దతు తీసేసే మార్పులు పంపారు, 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 నుంచి లినక్స్ తను పుట్టిన చిప్ మీదే నడవదు. టోర్వాల్డ్స్ అయితే బెంగేమీ పెట్టుకోలేదు, పోతే పోయిందన్నారు.

అసలు సంగతి 2018లో బయటపడింది. ఆ జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం గురించి ప్రపంచమంతా టెన్షన్ పడింది. కెర్నల్ పేజీ టేబుళ్లను యూజర్ ప్రోగ్రాముల నుంచి విడదీసే రక్షణ 4.15లో 64 బిట్‌కు వచ్చేసింది. 32 బిట్‌కు అదే రక్షణ వచ్చింది అక్టోబర్‌లో విడుదలైన 4.19లో. డైరెక్టరీ ఒకటే, మనుషులూ వాళ్లే, అయినా మధ్యలో తొమ్మిది నెలలు. కారణం ఆ మార్పు పడాల్సింది విడిగా మిగిలిన ఎంట్రీ ఫైళ్లలో. అక్కడ ఒకరి పని ఇంకొకరికి అక్కరకు రాదు. 32 బిట్ కోసం ప్రత్యేకంగా ఎవరో ఒకరు కూర్చుని రాయాలి, పరీక్షించాలి, ఆ పనికి అప్పటికే చేతులు తక్కువ. నెట్‌బుక్‌ల కుర్రాడికి చెప్పాల్సిన జవాబు ఇదే. కోడ్ ఉంది, దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాళ్లు లేరు. డెబియన్ లాంటి పంపిణీ సంస్థలు లెక్క చూసుకునేది ఆ రెండో దాన్నే.

ఎక్స్86లో కలిపినవాళ్లదే రైటని తేలింది కాబట్టి అన్నిచోట్లా కలపాలనుకుంటే పొరపాటు. పవర్‌పీసీ అనే ఇంకో ప్రాసెసర్ల కోడ్ అంతకుముందే, 2006 జనవరిలో వచ్చిన 2.6.15తో కలపడం మొదలుపెట్టింది. పాత డైరెక్టరీ పూర్తిగా పోవడానికి 2008 దాకా పట్టింది. లినక్స్ కాని మరో ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ 2003లోనే రెండు పీసీ డైరెక్టరీలనూ ఉంచుతూ, ఉమ్మడి కోడ్ కోసం మధ్యలో ఎక్స్86 అని మూడోది తెరిచింది. రిస్క్-ఫైవ్ అనే కొత్త ప్రాసెసర్ల రకం 2018లో లినక్స్‌లోకి వస్తూనే 32, 64 రెండింటినీ ఒకే డైరెక్టరీలో పెట్టుకుని వచ్చింది.

ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్లు మాత్రం కావాలనే ఎదురు దారి పట్టాయి. 2011 నాటికి 32 బిట్ ఆర్మ్ డైరెక్టరీలో ఒక్కో బోర్డుకు ఒక్కో కోడ్ గుట్టలుగా పడి ఉంటే టోర్వాల్డ్స్ బాహాటంగానే విసుక్కున్నారు. ఆ మరుసటి ఏడాది, 3.7తో, కాటలిన్ మారినాస్ నేతృత్వంలో 64 బిట్ ఆర్మ్ వేరే డైరెక్టరీగా చేరింది. ఇన్‌స్ట్రక్షన్లు కొత్తవి, ఎక్సెప్షన్ పద్ధతి కొత్తది, సిస్టమ్ కాల్ నంబర్లు కూడా కెర్నల్ ఉమ్మడి పట్టికలోవి. పైగా రెండింటికీ నిజంగా కావాల్సిన ఇంటరప్ట్ కంట్రోలర్లు, టైమర్ల కోడ్‌ను ఆర్చ్ నుంచి బయటకు తీసి డ్రైవర్ల కిందకు మార్చారు. ఏ రెండు ప్రాసెసర్లు ఎంత దగ్గరి చుట్టాలన్నది కాదు, ఒక చోట పాడైతే రెండోచోటా పాడవుతుందా అన్నదే చూడాలి. ఆర్మ్‌లో అలా పాడయ్యే భాగం డ్రైవర్లలోకి వెళ్లిపోయింది, మిగిలినవాటిని కలిపి సాధించేది లేదు.

అయినా పక్కింట్లోకి తొంగిచూడటం పూర్తిగా ఆగలేదు. రాస్‌బెర్రీ పై 3 బోర్డులో ఉన్నది 64 బిట్ చిప్. 64 బిట్ ఆర్మ్ డైరెక్టరీలో ఆ బోర్డు వివరాల ఫైలు తెరిస్తే లైసెన్స్ లైను కాక ఉన్నది ఒకే ఒక్క లైను, 32 బిట్ ఆర్మ్ డైరెక్టరీలోని ఫైలును చేర్చుకొమ్మని. వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎమ్ కోడ్‌ను కొన్నేళ్లు రెండు ఆర్మ్‌లకూ ఉమ్మడిగా ఆర్చ్ బయట ఉంచారు. 2020లో 5.7తో 32 బిట్ ఆర్మ్‌లో కేవీఎమ్ తీసేశారు. ఉమ్మడిగా వాడేందుకు ఇంకెవరూ మిగలలేదు కాబట్టి తర్వాతి వెర్షన్‌లో ఆ ఫైళ్లన్నీ 64 బిట్ డైరెక్టరీలోకి మారిపోయాయి.