నిప్పు కొండ మీద, పొగ లోయలో

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల అడవుల్లో అధికారులే కావాలని నిప్పు పెడతారు. నేల మీద పేరుకున్న పుల్లలు, పొదలు చిన్న మంటల్లో ముందే కాలిపోతే కార్చిచ్చుకు మేత తగ్గుతుంది. చిక్కల్లా పొగతోనే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మివోక్, మోనో వంటి స్థానిక తెగలు తరతరాలుగా అడవిని ఇలాగే కాల్చుకునేవి. 1850లో రాష్ట్రం తెచ్చిన చట్టం గడ్డి భూములకు నిప్పు పెట్టడాన్ని శిక్షార్హం చేసింది. 1910లో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లోనే సుమారు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాక అటవీ శాఖకు నిప్పంటే భయం పట్టుకుంది. ఏ మంటనైనా మర్నాడు ఉదయం 10 గంటల్లోగా ఆర్పెయ్యాలని 1935లో నియమం పెట్టుకుంది. కానీ ఇక్కడి సెకోయా అనే మహావృక్షాల కాయలు విచ్చుకోవడానికి వేడి కావాలి, విత్తనం మొలవడానికి కాలిన నేల కావాలి. అది గ్రహించాక, 1968లో సెకోయా, కింగ్స్ కాన్యన్ పార్కుల్లో మళ్లీ మంటలు పెట్టడం మొదలైంది. రెండేళ్లకే, 1970లో, గాలిలో కాలుష్యానికి పరిమితులు పెట్టే స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. దాంతో పొగకూ లెక్క చెప్పాల్సి వచ్చింది.

పగలు ఎండకు వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది, పొగనూ తీసుకుపోతుంది. పొద్దుగూకాక కథ తిరగబడుతుంది. చల్లబడి బరువెక్కిన గాలి కనుమల వెంట కిందికి జారుతుంది. పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది, పొగ లోయలోనే నిలిచిపోతుంది. పెద్ద మంట ఆరాక రోజుల తరబడి రగిలే దుంగలతో ఇంకా ఇబ్బంది. వాటికి వేడి చాలదు కాబట్టి పొగ పైకి లేవదు, సన్నటి ధూళి కణాలూ ఎక్కువే. దిగువన ఉన్న ఫ్రెస్నో ప్రాంతంలో గాలి అసలే అంతంతమాత్రం.

అందుకే వాయు నియంత్రణ సంస్థలు ‘ఈ రోజు కాల్చవచ్చు’ అంటేనే నిప్పు పెట్టాలి. గాలి బాగా వీస్తే పొగ చెదిరిపోతుంది, మంట మాత్రం చెయ్యి దాటవచ్చు. 2000 మేలో న్యూమెక్సికోలో అలా చెయ్యి దాటిన మంటకు లాస్ అలమోస్‌లో వందల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. గాలి పడిపోతే మంట సురక్షితమే, కానీ పొగ కదలదు. రెండూ కుదిరే రోజులు తక్కువ.

2020లో రాష్ట్రంలో 40 లక్షల ఎకరాలకు పైగా కాలింది. సెప్టెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశం పట్టపగలే నారింజ రంగుకు తిరిగింది. బే ఏరియా తెలుగు కుటుంబాలకూ గుర్తుండే రోజది. అలాంటి కార్చిచ్చు పొగను ‘అసాధారణ ఘటన’గా చూపి కాలుష్యం లెక్కలోంచి తీసేయించవచ్చు. కావాలని పెట్టిన మంటకూ కాగితం మీద ఆ దారి ఉంది, వాడింది మాత్రం చాలా అరుదు. నా దృష్టిలో ఇది ఒంటికంటి లెక్క. 2024లో సన్నటి ధూళికి ఏడాది సగటు పరిమితిని 12 మైక్రోగ్రాముల నుంచి 9కి తగ్గించడంతో, ఈ చిన్న మంటలకు ఉన్న వెసులుబాటు ఇంకా కుదించుకుపోతుందని అటవీ సిబ్బంది టెన్షన్.