మనం వెయ్యని చెత్త

చిన్నూ, నీకూ నీ జతగాళ్లకూ,

"తాతా, మనం వెయ్యని చెత్తను మనమెందుకు ఎత్తాల?" అని పోయిన ఆదివారం రోడ్డు పక్క చెత్త ఎత్తేటప్పుడు గోనెసంచి పట్టుకుని అడిగినావు. మీ అందర్నీ రోడ్డు దాటించే టెన్షన్‌లో అక్కడ చెప్పడానికి కుదరలేదు. మంచి ప్రశ్న, అందుకే ఉత్తరం రాస్తున్నా.

దేవుని కడప గుడికి పోయినప్పుడు చెప్పులు ఎక్కడ విడుస్తాం? ఎవరో గోడ పక్కన ఒక జత విడిచి ఉంటారు, దాని పక్కనే మనదీ. ఇక్కడ విడవండని ఎవరూ చెప్పరు. కాసేపటికి అక్కడ చెప్పుల గుట్ట. ఆ మొదటి జత లేకుంటే మాత్రం ఎక్కడ విడవాలా అని అటూ ఇటూ చూస్తాం. రోడ్డు పక్క చెత్తా అంతే. ఒక వాటర్ ప్యాకెట్ పడిన చోటే రెండోది పడుతుంది, సాయంత్రానికి టీ కప్పులు, మరునాటికి పాత పరుపు. మీరు ఎత్తేది ఆ మొదటి జతను. చోటు శుభ్రంగా ఉంటే కవర్ విసరబోయేవాడు ఒకసారి చుట్టూ చూస్తాడు. అందరూ ఆగరు, కొందరు ఆగుతారు. చెప్పులైతే దర్శనం కాగానే ఎవరివి వాళ్లు తొడుక్కుని పోతారు. కవర్ కోసం ఎవరూ వెనక్కి రారు కదా, అందుకే ఆ పని మన మీద పడింది.

నా చిన్నప్పుడు రోడ్డు పక్కన చింతాకు, శెనక్కాయల పొట్టు, విస్తరాకులు ఉండేవి. విస్తరాకులను మేకలు తినేసేవి. అంగట్లో బెల్లం అడిగితే పాత పేపర్లో పొట్లం కట్టి, పైన వేలాడే పురికొస లాగి చుట్టి ఇచ్చేవాళ్లు. ఆ పురికొసనూ మా జేజి విప్పి ఉండలా చుట్టి దాచేది. ఇంటి కసువంతా దిబ్బకు, దిబ్బ ఎరువై ఎద్దుల బండిలో చేనికి. విసరడం మాకూ అలవాటే, కానీ అప్పుడు విసిరింది మట్టిలో కలిసేది.

ఇప్పుడు మిగిలిన అన్నం కవర్లో వేసి, ముడి కట్టి పడేస్తున్నారు. ఆవుకు వాసన తెలుస్తుంది, ముడి విప్పడానికి చేతులేవి? కవర్‌తో సహా మింగుతుంది. దాని పొట్టలో నాలుగు గదులు. మొదటి పెద్ద గదిలో నానిన మేత మళ్లీ నోట్లోకి వస్తే నెమరేస్తుంది. కవర్ అక్కడ అరగదు, ఒకదానికొకటి చుట్టుకుని ఉండ కడుతుంది. కడుపు నిండినట్టే ఉండి మేత మానేస్తుంది, బక్కచిక్కిపోతుంది. 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధించారు. అయినా కూరగాయల బండి దగ్గర వేలు పెడితే చిరిగే కవర్లే ఇస్తున్నారు. అమ్మతో పోయేటప్పుడు గుడ్డ సంచి నువ్వు పట్టుకో.

వచ్చే ఆదివారం ముడి కట్టిన కవర్లు ముందు ఎత్తండి. గ్లౌజులు వేసుకోండి. గాజు పెంకులు, సూదులు ముట్టుకోవద్దు, పెద్దవాళ్లను పిలవండి. బండ్లు ఎదురుగా కనిపించేలా రోడ్డు కుడి పక్కనే నడవండి. పోగేసి నిప్పు మాత్రం పెట్టొద్దు, ఆ పొగ విషం.

ఇంకో పని. పెద్ద వాన పడి వెలిశాక నాన్నను తీసుకుని మన కడప వాగు బుగ్గవంక వంతెన మీదికి పో. కిందికి దిగొద్దు, పైనుంచే చూడు. కంపచెట్లకు ఏమేం చిక్కుకున్నాయో, ఏది అన్నిటికన్నా ఎక్కువ ఉందో, ఏ వీధి కాలువ నుంచి వచ్చి ఉంటుందో కనుక్కో. ఆ నీళ్లు పెన్నా నదికే పోతాయి. నువ్వు చూసింది నాకు రాయి.

మీ తాత