660 కిలోమీటర్ల దగ్గర గోడ ఉందా?

బెంగళూరు మల్లేశ్వరంలో మా తెలుగువాళ్ల ఆదివారం కాఫీ కబుర్లలో హిందూ మహాసముద్రపు ‘గుంత’ మాట 2023 నుంచీ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. శ్రీలంకకు దక్షిణాన నీటిమట్టం ఉండాల్సినదానికంటే సుమారు 106 మీటర్లు తక్కువ. ‘‘మరి ఓడలు జారిపోవా?’’ అని వికారాబాద్ పెద్దాయన ఒకరు అడిగారు. జారవు. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టే మట్టం తగ్గింది. దాని మీద ఎటు వెళ్లినా పల్లం తగలదు.

1948లో డచ్ శాస్త్రవేత్త వెనింగ్ మైనెస్ గుర్తించిన ఈ లోటుకు మా పక్కనే ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి 2023లో ఒక జవాబు వచ్చింది. అది అర్థం కావాలంటే పాత తగాదా ఒకటి తెలియాలి: భూమి పైపొట్టుకీ నడిగర్భానికీ మధ్య ఉన్న మందపాటి పొర మాంటిల్. దాని పైభాగం విడిగా తిరుగుతోందా, అడుగుభాగంతో కలిసి తిరుగుతోందా?

మాంటిల్ అంటే కుండలో లావా కాదు, గట్టి రాయి. కాకపోతే లక్షల ఏళ్లలో రాయి కూడా పారుతుంది. మంచుయుగపు బరువు తొలగిపోయాక స్కాండినేవియా నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. ఆ వేగాన్ని బట్టి 1935లో హాస్కెల్ అనే శాస్త్రవేత్త మాంటిల్ చిక్కదనం లెక్కగట్టాడు: నీటికంటే 1 పక్కన 24 సున్నాలన్ని రెట్లు ఎక్కువ!

ఇంత చిక్కటిది కదులుతుందా? దానికి కొలబద్ద 1916లోనే భౌతిక శాస్త్రవేత్త రేలీ ఇచ్చాడు. వేడెక్కి తేలే బలం ఒకవైపు, దాన్ని ఆపే చిక్కదనం, వేడి పాకిపోవడం మరోవైపు. వీటి నిష్పత్తి సుమారు వెయ్యి దాటితే పొర కదలక తప్పదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ 1950ల్లో ఈ లెక్కను గోళాకారపు పొరలకు విస్తరించాడు. పై మాంటిల్‌కి ఆ సంఖ్య పది లక్షల స్థాయిలో వస్తుంది. ఇక అనుమానమేముంది? ఎసరు మరిగే పోలిక అందరూ చెబుతారు గానీ నాకు పెద్దగా నచ్చదు. గిన్నెకి మంట కిందే. మాంటిల్‌లో యురేనియం, థోరియం, పొటాషియం వల్ల రాయి లోలోపలే వేడెక్కుతుంది.

గొడవంతా లోతు దగ్గర. 700 కిలోమీటర్ల కింద భూకంపాలు దాదాపు రావు. 660 కిలోమీటర్ల లోతు దగ్గర ఖనిజాల అమరిక మారి సాంద్రత పెరుగుతుంది. పై మాంటిల్, కింది మాంటిల్ కలవకుండా అక్కడ గోడ ఉందనుకున్నారు. 1974లో మెకెంజీ, రాబర్ట్స్, వైస్ కంప్యూటర్ నమూనా పై పొరను మాత్రమే పెట్టెలా తీసుకుంది. పెట్టె చిన్నదైతేనే అప్పటి కంప్యూటర్లు లెక్క తేల్చగలవు. ఆ అవసరం కూడా గోడకి కాస్త బలమిచ్చి ఉంటుందని నా అనుమానం.

1990ల్లో భూకంప తరంగాలతో భూమికి స్కానింగ్ లాంటిది చేస్తే, మాంటిల్‌లోకి మునిగిన భూఫలకాలు కొన్నిచోట్ల 660 దగ్గర అడ్డంగా పరుచుకుని, కొన్నిచోట్ల దాటి దిగిపోతూ కనిపించాయి. గోడ కాదు, గడప.

బెంగళూరు పరిశోధకులు దేబాంజన్ పాల్, ఆత్రేయీ ఘోష్ 14 కోట్ల ఏళ్ల మాంటిల్ కదలికలను కంప్యూటర్‌లో 19 రకాలుగా నడిపి చూశారు. గుంత అడుగున 300 నుంచి 900 కిలోమీటర్ల మధ్య వేడి, తేలిక పదార్థం ఉంది. ఆ గడపకు అటూ ఇటూ కూడా. దాని మూలం ఆఫ్రికా కింద, మాంటిల్ అట్టడుగున. టెథిస్ అనే ప్రాచీన సముద్రపు మునిగిన నేల దాన్ని కదిలించిందని వాళ్ల వాదన. పై పొరనొక్కదాన్నే పెట్టెలో పెడితే ఈ కథ దొరకదు.

అందరూ ఒప్పుకోలేదు. దక్కన్‌ను లావాతో కప్పి మన నల్లరేగడికి మూలమైన రీయూనియన్ ప్లూమ్, అంటే లోతు నుంచి పైకి లేచే వేడి రాతి స్తంభం, ఈ నమూనాలో రాలేదన్నది ఒక విమర్శ. ఆ మాట చెబితే పెద్దాయన కప్పు కింద పెట్టేసి, ‘‘అంటే మా నల్లరేగడి లెక్కలోకి రాలేదా!’’ అన్నారు.