చార్లెస్ బూత్ మ్యాపులో ఆ నలుపు: అపోహలు - వాస్తవాలు

లండన్‌లో ఆర్కైవ్ పనిలో ఉన్నానని తెలిస్తే చాలు, సోషియాలజీ చదివే మన పిల్లలు నాకు ఒకటే స్క్రీన్‌షాట్ పంపుతారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ వీధులకు అక్కడి పేదరికాన్ని బట్టి రంగులు వేసిన చార్లెస్ బూత్ మ్యాపు, అందులో నల్లరంగు పూసిన ఒక వీధి. "అక్కా, ఇక్కడ ఉన్నవాళ్లంతా నేరస్థులే కదా?"

కాదమ్మా. పిల్లల మార్కులకు ఎక్కువగా గండి కొట్టే అపోహ ఇదే. రంగుల పట్టికలో నలుపు పక్కన 'అధమ వర్గం, దుర్మార్గులు, అర్ధ నేరస్థులు' అనే అర్థం వచ్చే మాటలున్న సంగతి నిజమే. కానీ ఆ రంగు వీధికి వేసింది, మనిషికి కాదు. 1889 మ్యాపుకు ఆధారం, బడి పిల్లలున్న ఇళ్లకు తిరిగే స్కూల్ బోర్డు విజిటర్లు చెప్పిన సంగతులు. 1898-99 మ్యాపు కోసం బూత్ మనుషులు బీటు పోలీసుల వెంట నడిచి రంగులు సరిచేశారు. పోలీసు కన్ను అందులో కలిసే ఉంది.

నిరుడు ఒకమ్మాయి, డిసర్టేషన్ ఇవ్వడానికి మూడు వారాలుందనగా, ఫోన్ చేసి ఏడ్చింది. నల్ల వీధుల 'నేర సంస్కృతి' మీద ఒక చాప్టరంతా రాస్తే గైడ్ తిప్పి పంపారట. పాపం, నిద్ర కూడా లేదు. ఇద్దరం కూర్చుని, అలా పోలీసుల వెంట నడిచిన బూత్ మనిషి జార్జ్ డక్‌వర్త్ రాసిన 'పోలీసు నోట్‌బుక్' తెరిచాం. చేతిరాత, మధ్యలో చేత్తో గీసిన వీధి పటం. పగిలిన కిటికీలు, తెరిచి ఉన్న తలుపులు, బూట్లు లేని పిల్లలు. పక్కనే వెంట వచ్చిన పోలీసు అన్న మాటలు. డక్‌వర్త్ తను చూసిందేదో, పోలీసు చెప్పిందేదో నోట్‌బుక్‌లో చాలా చోట్ల విడదీసి చూడొచ్చు. మ్యాపుకు వచ్చేసరికి అదంతా ఒక్క రంగైపోయింది. ఆ అమ్మాయి ఈ తేడా మీదే చాప్టర్ మళ్లీ రాసింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బూత్ ప్రొఫెసర్ కాదు, లివర్‌పూల్‌కు చెందిన ఓడల వ్యాపారి. ఆయన సర్వే 1886లో మొదలైంది. ఇప్పుడు ఆ నోట్‌బుక్‌లను దాచిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పుట్టిందే 1895లో, కాబట్టి సర్వే మొదలుపెట్టింది ఆ కాలేజీ కాదు. అంతా మగవాళ్ల పనీ కాదు: ఆడవాళ్ల పనుల గురించి క్లారా కాలెట్, రేవు కూలీల గురించి బియాట్రిస్ పాటర్ రాశారు. లండన్‌లో సగం మంది పేదలని బూత్ తేల్చాడన్నది ఒట్టి పుకారు, ఆయన లెక్క 30.7 శాతం. ఇక, ఇక్కడికి వస్తేనే ఇవన్నీ చూడగలమని హైదరాబాద్ నుంచి టెన్షన్ పడకండి. మ్యాపులు, పోలీసు నోట్‌బుక్‌లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి.