పేరు పెట్టని వాయుగుండం

నవంబరులో ముసురు పట్టిందంటే తిరుపతి టీ అంగళ్ల దగ్గర మొదటి ప్రశ్న ఒకటే: "ఈసారి తుపానుకి ఏం పేరు?" పేరు లేదంటే, ఉత్త వాయుగుండమే అంటే, మనసు కుదుటపడుతుంది. 2021 నవంబరు 18న ఊరిని ముంచింది మాత్రం ఆ ఉత్త వాయుగుండమే. మరునాడు తెల్లవారుజామున అది చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. స్వర్ణముఖి పొంగింది. ఆ తర్వాత రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరుతుంటే కింది పల్లెలను ఖాళీ చేయించారు. మెట్టుదారి మళ్లీ తెరిచింది 2022 మేలో.

ఇంత చేసినదానికి పేరెందుకు లేదు? పేరు గాలిని బట్టి వస్తుంది, వానను బట్టి కాదు. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 అందుకుంటేనే తుపాను, అప్పుడే పేరు. మన సముద్రాల్లో ఈ పేర్ల పద్ధతి 2004లో ఓనిల్‌తో మొదలైంది. గాలి సుమారు 119కి చేరితే అట్లాంటిక్‌లో హరికేన్ అంటారు, పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్. మనిషి ఒకడే, ఊరిని బట్టి పిలుపు మారినట్టు.

ఈ 62, 119 అంకెలు ఓడల నుంచి వచ్చినవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ నౌకాధికారి బ్యూఫోర్ట్ గాలిని 0 నుంచి 12 మెట్లుగా విడదీశాడు. ఏ గాలికి ఎన్ని తెరచాపలు దించాలన్నదే అప్పటి లెక్క. నేటి తుపాను గీత అందులో 8వ మెట్టు, హరికేన్ 12వది. 1848లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ "సైక్లోన్" అన్న మాట పుట్టించిందీ నావికుల కోసమే. చుట్ట చుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట అది. సముద్రం మీద ఉన్నవాడికి గాలే మృత్యువు, కాబట్టి కొలత సరైనదే. కొండ కింద ఉన్న మనకు అది చాలదు.

ఎందుకంటే తుపానుకి ఇంధనం సముద్రపు వేడి. నీరు 26.5 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటే ఆవిరి పైకి లేస్తుంది, మేఘమై చల్లబడుతూ లోపల దాచుకున్న వేడిని విడుస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది, కింద పీడనం పడిపోతుంది, చుట్టుపక్కల గాలి లోపలికి ఉరుకుతుంది. భూమి తిరగడం వల్ల ఆ పరుగు మన అర్ధగోళంలో గడియారానికి ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గర ఈ మెలి చాలదు, అందుకే అక్కడ తుపాన్లు దాదాపు పుట్టవు.

తీరం దాటగానే ఇంధనం తెగి గాలి చచ్చిపోతుంది. మోసుకొచ్చిన తేమ మాత్రం అలాగే ఉంటుంది. తూర్పు నుంచి వచ్చే ఆ తేమగాలికి శేషాచలం అడ్డు నిలుస్తుంది. గాలి కొండ ఎక్కుతుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిందంతా మన మీద కుమ్మరిస్తుంది. అప్పటికే నిండి మొరవ పోతున్న చెరువులున్న ఏడాది అయితే ఇంక చెప్పేదేముంది?

వాతావరణ శాఖ బులెటిన్‌లో వానకు వేరే గీతలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. టీ అంగడి దగ్గర అడగాల్సింది ఈ అంకె. దాని పక్కనే, ఊరి పైన చెరువు ఎంతవరకు నిండిందో.