రంగు వెలిసిన బండిని దాటిపోకండి: వాహన మ్యూజియంపై అపోహలు – వాస్తవాలు

"ఇంత పెద్ద మ్యూజియం పెట్టుకుని ఆ బండికి కాస్త రంగు వేయించలేరా?" పాత వాహనాల సంరక్షణ పనిలో ఉన్న నాకు ఈ ప్రశ్న అలవాటైపోయింది. అడిగినవాళ్లు ఆ బండిని ఒక్క చూపు చూసి, పక్కన తళతళలాడేదాని ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. అసలైనదాన్ని చూడకుండానే వెళ్తున్నారే అని ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: మెరిస్తే బాగా చూసుకున్నట్టు, వెలిసిపోతే గాలికొదిలేసినట్టు.

వాస్తవం: పెచ్చులూడుతున్న ఆ పాత రంగులోనే బండి చరిత్ర ఉంది. 1920లలో నైట్రోసెల్యులోజ్ లక్కరు అనే త్వరగా ఆరే స్ప్రే రంగు వచ్చేదాకా కార్లకు కుంచెతో పూత మీద పూత వేసేవారు. ప్రతి పూతా ఆరాలి, రుద్దాలి, మళ్లీ వేయాలి. వారాలు పట్టేది. పక్కనుంచి లైటు వేసి చూస్తే కొన్నింటి మీద ఆ కుంచె గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మొదట ఏ రంగు వేశారో, చేతులు మారాక ఏ రంగు పడిందో కింది పొరలు చెబుతాయి. గీకేసి స్ప్రే కొట్టారా, అదంతా పోయినట్టే. అందుకే మేం తుప్పు ముదరకుండా ఆపుతాం తప్ప రంగుతో కప్పెయ్యం. 1925 నాటి ఒక బుగాటి కారు దశాబ్దాలపాటు ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరే సరస్సు అడుగున పడి ఉంది. 2009లో పైకి తీశారు. మరుసటి ఏడాది వేలంలో 2,60,500 యూరోలు పలికింది. కొన్నాయన దాన్ని ఆ తుప్పుతోనే ప్రదర్శనకు పెట్టారు.

ఈ అపోహ మ్యూజియంతో ఆగితే నాకింత బాధ లేదు. ఇంటికెళ్లి తాతగారి మోటార్ సైకిల్‌ని గీకించేస్తారు. అలా చేయించిన ఒకాయన నా దగ్గరికి వచ్చారు. టాంకు మీద వాళ్ల నాన్న రాయించుకున్న పేరు ఉండేదట. "మళ్లీ తెప్పించగలరా అండీ?" అని అడుగుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. పేరు తిరిగి రాదు. సీటు బిగించేచోట మాత్రం అసలు రంగు కొంచెం మిగిలి ఉంది. ఆయన తప్పేముంది, ముందుగా చెప్పినవాళ్లు లేరు. మీ బండి ఇంకా గీకించకపోతే ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి. సీటు కింద, నంబరు ప్లేటు వెనక చూడండి. ఇప్పటికే గీకించేసి ఉంటే కుమిలిపోకండి. తీసేసిన పాత బోల్టులు, కాగితాలు పారేయకండి, గుర్తున్నదంతా రాసిపెట్టండి.

అపోహ: పాతగా ఉంటే అసలుది, కొత్తగా ఉంటే నకిలీ. లేదా అన్నీ నకిలీలే.

వాస్తవం: బోర్డు చదవండి, అందులో రాసి ఉంటుంది. 1829లో ఇంగ్లండ్‌లోని రెయిన్‌హిల్‌లో జరిగిన రైలింజన్ల పోటీ గెలిచిన రాకెట్ రైలింజన్‌ది అప్పట్లో పసుపు రంగు. గెలిచిన కొన్నాళ్లకే దాని సిలిండర్లను కిందికి దించి దాదాపు అడ్డంగా అమర్చారు, రంగూ పోయింది. నల్లగా, మొండిగా కనిపించేదే అసలు రాకెట్. పసుపుపచ్చగా మెరిసేది తర్వాత చేసిన నమూనా. 1885 నాటి డైమ్లర్ మోటార్ సైకిల్ సంగతి వేరు. అసలుది 1903 అగ్నిప్రమాదంలో కాలిపోయింది, ఇప్పుడు ఎక్కడ చూసినా నమూనాయే.

ఫోర్డ్ మోడల్ టి కార్లన్నీ నలుపే అన్న మాట కూడా సగమే నిజం. 1914 నుంచి 1925 దాకానే అలా. అంతకుముందూ ఆ తర్వాతా వేరే రంగుల్లోనూ వచ్చాయి.

ఇంజన్లు తీసి అమ్ముకున్నారని, టాంకుల నిండా పెట్రోలు ఉండి పేలిపోతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. ప్రదర్శనకు పెట్టే బండ్లలో మామూలుగా పెట్రోలు తీసేస్తాం, బ్యాటరీ విప్పేస్తాం. తరచూ నడపకపోవడానికి కారణం, అరిగిన భాగం మళ్లీ బజారులో దొరకదు.

ఇనుమే కదా, ముట్టుకుంటే ఏమవుతుంది అంటారు. చెమటలోని ఉప్పు ఇత్తడి మీద మచ్చ వేస్తుంది, ఇనుముకు తుప్పు తెస్తుంది. అయినా పిల్లాడు ఒకసారి చెయ్యి వేశాడని హడలిపోయి వాణ్ని కొట్టకండి. దగ్గర్లోని సిబ్బందికి చెబితే మెత్తటి గుడ్డతో తుడిచేస్తారు. పిల్లలు ఎక్కి కూర్చునే బండి ఏదైనా ఉందా అని కూడా వాళ్లనే అడగండి, చాలా మ్యూజియాల్లో ఉంటుంది.